గంగయ్య ఊతలు, ఇనుప పట్టీలు

తెలియక చేసిన పనికి మనిషి మాఫీ అడగాలా, అక్కర్లేదా? నడిసముద్రపు దీవిలో, తవువా అనే చిన్న పట్నానికి నాలుగు మైళ్ళ దూరాన ఉన్న ఆ చెరుకు సెటిల్మెంటులో ఈ సంగతి మీద చాలా సాయంత్రాలు గడిచాయి. కొబ్బరి చిప్పలతో యంగోనా వేరు పిండిన మత్తునీళ్ళు తాగుతూ అడగాల్సిందేనన్నవాళ్ళు ఉన్నారు, అదే చిప్ప చుట్టు తిరిగి వచ్చేసరికి అక్కర్లేదన్నవాళ్ళూ ఉన్నారు. గంగయ్య పక్కింటి ద్రౌపది అయితే తన జీవితంలో మూడుసార్లు జవాబు మార్చుకుంది. ఇది రాస్తున్న చేతికి కూడా ఇంతవరకు తేలలేదు. తేలకపోయినా గంగయ్య గురించి చెప్పుకోవడానికి అడ్డం లేదు.

గంగయ్య వడ్రంగి. తండ్రి గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఓడలో వచ్చి చెరుకు నరికినవాడు. కొడుకు చెరుకులోకి పోనన్నాడు. పద్దెనిమిదో ఏట బంగారు గనిలో చేరి పదకొండేళ్ళు భూమి కింద పనిచేశాడు. అక్కడ ఆయన తవ్వింది లేదు, బంగారం చూసిందీ లేదు. సొరంగం తవ్వుకుంటూ పోయేవాళ్ళ వెనకాల దుంగలు మోసుకుపోయి, పైనున్న రాయి తల మీద పడకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. ఆ కర్రని అక్కడ బ్రేస్ అనేవారు. అంటే ఊత. గంగయ్యకు ఇంగ్లీషులో బాగా వచ్చిన మాట అదొక్కటే. అది చాలన్నట్టే ఉండేవాడు.

గని వదిలి పైకి వచ్చాక ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. పైకి వచ్చాడు గాని, ఆయన బుర్ర మాత్రం కిందనే ఉండిపోయింది. బరువు పైనుంచి వస్తుంది, మనిషి దానికి అడ్డం నిలబెట్టాలి, ఇల్లంటే ఇంతే. ప్రతి గోడలోనూ మూలకి మూలకి ఏటవాలుగా ఊతకర్రలు పెట్టేవాడు. ఇతర వడ్రంగులు రెండు పెట్టేచోట ఆయన ఆరు పెట్టేవాడు. ఆ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, పంతొమ్మిది వందల డెబ్బై అక్టోబరులో, స్కూలు గ్రౌండులో కొత్త జెండా ఎగరెయ్యాలంటే కర్ర పాతే పని ఆయనకే ఇచ్చారు. లేత నీలం జెండా పైకి వెళ్ళింది. కింద కర్రకు నాలుగు పక్కలా నాలుగు ఊతలు. చూడ్డానికి వచ్చిన పెద్ద ఆఫీసరు, దేశం పుట్టిన రోజునే కుంటికర్రల మీద నిలబెట్టారేమిటని నవ్వాడు. గంగయ్య నవ్వలేదు. "పడలేదు గదా," అన్నాడు.

ఇల్లు పూర్తయ్యాక ఆయనకొక పరీక్ష ఉండేది. ఆ ఇంటి మనుషుల్లో అందరికంటే బరువైన మనిషిని నిచ్చెన ఎక్కించి, వెన్నుదూలం మీద, కప్పు నడినెత్తిన కూర్చోబెట్టేవాడు. తాను లోపల నిలబడి కళ్ళు మూసుకుని వినేవాడు. ఇల్లు కిర్రుమనకపోతే పని అయిపోయినట్టు. కిర్రుమంటే ఇంకొక ఊత.

అరవై ఆరులో ద్రౌపది ఇల్లు కట్టినప్పుడు కప్పెక్కింది బసంతి. బసంతి ద్రౌపదికి ఆడబిడ్డ, ఆమె మొగుడు లచ్మన్‌కి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, అన్నా వదినలతోనే ఉండేది. తవువా మార్కెట్టులో చేపల తక్కెడ మీద సరదాకి నిలబడితే తక్కెడ చెడిపోయిందని చెప్పుకునేవాళ్ళు. ఆమె కప్పు మీద కూర్చుని, దూరంగా సముద్రం కనిపిస్తోందని, దిగనని, అన్నం పైకే పంపమని అంది. కింద గంగయ్య కళ్ళు తెరిచి, "ఠీక్ హై లచ్మన్. నీ ఇల్లు నీకంటే ఎక్కువ బతుకుతుంది," అన్నాడు.

ఆ మాట నిజమైంది. మూడేళ్ళకే లచ్మన్ ఏదో కడుపునొప్పితో లౌటోకా ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. ద్రౌపదికి ఐదెకరాల లీజు చెరుకు, బసంతి, ఆ ఇల్లు మిగిలాయి. లచ్మన్ సంపాదించి పెట్టినది అదొక్కటే కాబట్టి ద్రౌపది ఆ ఇంటిని గురించి కొంచెం ఎక్కువగా మాట్లాడేది. వచ్చినవాళ్ళకు ఊతలు చూపించేది.

డెబ్బైరెండు అక్టోబరులో బీబీ అని పేరు పెట్టిన తూఫాన్ వచ్చింది. ముందే తెలిసింది గనుక ఆడవాళ్ళు, పిల్లలు, మేకలు, కొన్ని కోళ్ళు స్కూలు హాల్లోకి చేరారు. గంగయ్య భార్య నాగమ్మ కూడా వచ్చింది.

"అన్న ఏడి వదినా?" అని ద్రౌపది అడిగింది.

"రానన్నాడు. ఆయన ఇల్లు వదిలిపోతే జనం ఏమనుకుంటరంట. ఊతని కావలించుకుని కూచున్నడు. నన్ను అట్ల ఎప్పుడూ పట్టుకోలేదు," అంది నాగమ్మ.

తెల్లవారి గాలి ఆగాక జనం బయటికి వచ్చి చూస్తే, గంగయ్య ఊళ్ళోవాళ్ళకు కట్టిన పదకొండు ఇళ్ళూ నిలబడి ఉన్నాయి. ఒక్క గోడ ఒరగలేదు. ఒక్క ఊత కదల్లేదు. పదకొండింటికీ కప్పుల్లేవు. గోడలు పరేడుకు వచ్చిన సిపాయిల్లా బారుగా నిలబడ్డాయి, టోపీలు మాత్రం ఎవరో తీసుకుపోయారు. కప్పులు ముక్కలై చెరుకు తోటల్లో దొరికాయి. ద్రౌపది ఇంటి కప్పు మాత్రం ముక్కలు కాలేదు. వాసాలతో, రేకులతో, వెన్నుదూలంతో సహా ఒక్కటిగా లేచిపోయి రెండు తోటలవతల చెరుకు మీద దిగింది. దాని కింద ఒక ఎద్దు నిలబడి చెరుకు నములుతోంది.

పైకప్పు లేని తన ఇంట్లో ద్రౌపది నడిమధ్యన నిలబడి ఉంటే గంగయ్య వచ్చాడు. ఆమెను చూడలేదు. గోడ గోడకీ వెళ్ళి ఊతలు చేత్తో ఊపి చూశాడు.

"ఏం గంగయ్యన్నా?" అంది ద్రౌపది.

"బ్రేసులు కదల్లేదు."

"కప్పు లేదన్నా."

"అవును. బ్రేసులు మాత్రం కదల్లేదు."

ద్రౌపది నెమ్మదస్తురాలు. "అన్నా, ఒక్క మాట చెప్పు. గల్తీ అయిపోయింది, మాఫ్ చెయ్యమ్మా అను. మనసు కుదుటపడుతుంది. మళ్ళీ నువ్వే కట్టు."

గంగయ్య ఊతని వదిలి నేల చూశాడు. "ఏ గల్తీ? నా పనిలో గల్తీ ఎక్కడుందో చూపించు. చూపిస్తే అంటాను."

ద్రౌపది వేలు పైకి చూపించింది. అక్కడ ఆకాశం ఉంది. గంగయ్య పైకి చూడలేదు.

ఆ రోజు నుంచి ద్రౌపది ఆయనతో మాట్లాడ్డం మానేసింది. పూర్తిగా మానేస్తే పక్కపక్క ఇళ్ళలో బతకడం కష్టం కనుక బసంతి ద్వారా మాట్లాడేది. ఆయన ఎదురుగానే, రెండు గజాల దూరంలోనే ఉన్నా సరే, "బసంతీ, మీ గంగయ్యన్నకు చెప్పు, ఆయన మేక మన బెండమొక్కలు తింటోందని," అనేది. బసంతి ఆయన వైపు తిరిగి, "విన్నవా?" అనేది. గంగయ్య, "విన్నానని చెప్పు," అనేవాడు.

ప్రభుత్వం మళ్ళీ ఇళ్ళు కట్టించే పథకం పెట్టింది. కర్ర, రేకులు, మేకులు ఇస్తారు. కట్టేది మాత్రం లిస్టులో పేరున్న వడ్రంగే కావాలి. లిస్టు తయారుచెయ్యడానికి లౌటోకా నుంచి రామ్ ప్రసాద్ అనే ఓవర్సీరు వచ్చాడు. ఇరవై ఏడేళ్ళవాడు. మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు, చంకలో ఇల్లు కట్టే పద్ధతి చూపే బొమ్మల పుస్తకం. స్కూలు గ్రౌండులో బల్ల వేసుకుని వడ్రంగుల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఊరందరి ముందూ ఒకటే ప్రశ్న అడిగాడు.

"కాకా, బ్రేస్ ఔర్ స్ట్రాప్ మే కోన్చీ ఫరక్ హై?"

బ్రేసుకీ స్ట్రాపుకీ తేడా ఏమిటి. గంగయ్య తడుముకోలేదు. బ్రేస్ అంటే బ్రేస్ అన్నాడు. స్ట్రాప్ అంటే చిన్న బ్రేస్ అన్నాడు.

"రెండూ ఇంటిని గట్టిగా పట్టుకునేవే గదా. పెద్దది కర్రతో, చిన్నది ఇనుముతో," అని హిందీలో వివరంగా చెప్పాడు.

రామ్ ప్రసాద్ పుస్తకం మూశాడు. మర్యాద తెలిసినవాడే. కాకా, మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. వెనకాల ఎవరో, "కోళ్ళగూడు కట్టుకో గంగయ్యా, కోళ్ళెట్లాగూ ఎగురుతాయి," అన్నారు.

లిస్టులో పేరు లేకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇక ఆ సెటిల్మెంటులోనే కాదు, బా పట్నం నుంచి రాకిరాకి దాకా ఎవరూ ఆయన చేతికి సుత్తి ఇవ్వరు. యాభైరెండేళ్ళవాడు, చెరుకు నరకడం చేతకానివాడు, గని ఒప్పుకోని వయసువాడు. ఇంటికి వెళ్ళి నిజంగానే కోళ్ళగూడు కట్టాడు. దానికి ఎనిమిది ఊతలు పెట్టాడు. నాగమ్మ చూసి, కోళ్ళు దూరడానికి కూడా ఎక్కడైనా చోటు పెట్టవయ్యా అంది.

మిగతా పది కుటుంబాలూ లిస్టులోని వడ్రంగిని మాట్లాడుకున్నాయి. ఆయన బా మనిషి, పది ఇళ్ళ పని ఒప్పుకున్నాడు, పదకొండోది మార్చి దాటాక అన్నాడు. పదకొండోది ద్రౌపదిది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తూఫాన్ల కాలం. కాలమంతా నాలుగు గోడల మీద కట్టిన తార్పాలిన్ కింద గడపాలి. వానొస్తే ఆ గుడ్డ కడుపొచ్చిన గేదెలా దిగేది. బసంతి చీపురుకర్రతో దాన్ని పైకి పొడిచేది.

ఖాళీగా ఉన్న గంగయ్య రోజూ వచ్చి ద్రౌపది ఇంటి గోడ పక్కన దుంగ మీద కూర్చునేవాడు. తన ఇంటికీ కప్పు పోయి చూసుకోవడానికి గోడలే మిగిలాయి గాని, అక్కడ నాగమ్మ ఉంది. ద్రౌపది పొమ్మనలేదు. పొమ్మనాలన్నా బసంతితో చెప్పించాలి.

ఒకరోజు పొద్దున కొండల వైపు నుంచి గాలి లేచింది. పెద్ద గాలేం కాదు. బట్టలు ఆరేసిన తీగ కిందికి వేలాడకుండా ద్రౌపది మధ్యలో ఒక వెదురు బొంగు నిలబెట్టింది. కొంచెంసేపటికి చూస్తే తీగ మీద చీర లేదు. చెరుకులోకి పోయి ఆకులకి చుట్టుకుంది. ద్రౌపది చీర తెచ్చుకుని వచ్చి తీగ ముందు ఆగిపోయింది. బొంగు నిటారుగా ఉంది. తీగ బిగువుగా ఉంది. చీర తన చేతిలో ఉంది. చాలాసేపు అక్కడే నిలబడింది.

"బసంతీ," అంది.

"ఊఁ."

"ఆయనకు చెప్పు. బొంగు కదల్లేదు. చీర పోయింది."

బసంతికి అర్థం కాలేదు. అయినా ఆయన వైపు తిరిగి, "బొంగు కదల్లేదంట, చీర పోయిందంట," అంది.

గంగయ్య దుంగ మీద నుంచి లేచాడు. తీగ దగ్గరికి వెళ్ళి బొంగుని ఊపి చూశాడు. తీగని లాగి చూశాడు. తరువాత ఒక పని చేశాడు. ద్రౌపది చేతిలోని చీర తీసుకుని, తీగ మీద వేసి, చెంగుల్ని తీగ కిందుగా తిప్పి ముడి వేశాడు. వెనక్కి వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు. గాలి వచ్చింది. చీర ఉబ్బింది, కొట్టుకుంది, తీగని పైపైకి గుంజింది. పోలేదు. మధ్యాహ్నం దాకా ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నాగమ్మ అన్నానికి పిలవడానికి వచ్చి, మొగుడు ఇంకొకళ్ళ చీర వైపు అంత శ్రద్ధగా చూడ్డం గమనించి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన రామ్ ప్రసాద్ లిస్టులోని వడ్రంగులకు పంచిన బొమ్మల పుస్తకాల్లో ఒకటి ఎక్కడి నుంచో సంపాదించి తెచ్చాడు. ఆయనకు చదువు రాదు. ద్రౌపది ఆరో క్లాసు దాకా చదివింది.

"బసంతీ, మీ వదినని ఇది చదవమను," అన్నాడు. ఈసారి ఆయన కూడా బసంతి ద్వారానే.

ద్రౌపది పుస్తకం తీసుకుంది. ఇంగ్లీషు అక్షరాలు వేలితో కూడబలుక్కుంటూ మెల్లగా చదివింది, చదివినదాన్ని తనకొచ్చిన తెలుగులో చెప్పింది. గోడ పక్కకి ఒరగకుండా పెట్టే ఏటవాలు కర్ర బ్రేస్. వాసం మీదుగా తిప్పి కింద దూలానికి కొట్టే ఇనుప పట్టీ స్ట్రాప్. గాలి గోడని తోస్తుంది. అదే గాలి కప్పుని తొయ్యదు, లేపుతుంది. కప్పు బరువు కప్పుని కాపాడదు. చివరి మాట దగ్గర ద్రౌపది ఆగి, సరిగ్గా చదివానో లేదోనని మళ్ళీ చదివింది.

"లేపుతుంది," అన్నాడు గంగయ్య, తనలో తను. "గనిలో ఏదీ పైకి పోదు."

బసంతి, "గనిలో గాలెక్కడిది," అంది.

"ఇప్పుడు గల్తీ కనిపించిందా అని అడుగు," అంది ద్రౌపది.

"కనిపించింది," అన్నాడు గంగయ్య, బసంతి అడగకముందే.

"అయితే ఆ మాట అనమను."

ఆయన తల గోక్కున్నాడు. "కట్టేటప్పుడు నాకు తెలీదు. తెలీనిదానికి మాఫీ ఎట్ల అడిగేది? తెలిసి చేస్తే కాళ్ళు పట్టుకుందును."

"తెలీకుండా పదకొండిళ్ళు ఎందుకు కట్టినాడో అడుగు."

"తెలీదని తెలీదు గదా," అన్నాడు గంగయ్య. "హమ్ నై జాన్తా థా, నాకు తెలీదు. ఇంకేం చెప్పను?"

ద్రౌపదికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు అని చెప్పుకుంటే బాగుంటుంది గాని, ఆమె బాగానే నిద్రపోయింది. పొద్దున లేచి బస్సెక్కి తవువా వెళ్ళింది. రామ్ ప్రసాద్ అక్కడ ఒక గోడౌనులో కర్రలు లెక్కపెట్టిస్తున్నాడు. లిస్టులో లేని వడ్రంగి చేత కట్టించుకోవచ్చా అని అడిగింది. ఒక దారి ఉందన్నాడతను. ఇంటి యజమాని సంతకం పెడితే ఒక్క ఇల్లు పరీక్ష కింద కట్టనిస్తారు. ఇల్లు పాసైతే వడ్రంగి పేరు లిస్టులోకి ఎక్కుతుంది. పాసవ్వకపోతే సామాను విప్పించి వేరే కుటుంబానికి ఇచ్చేస్తారు, యజమాని పేరు వరసలో చివరికి పోతుంది. చివరంటే వచ్చే ఏడు కావచ్చు, పై ఏడు కావచ్చు.

"బాగా ఆలోచించుకో దీదీ," అన్నాడు రామ్ ప్రసాద్. "ఆయన స్ట్రాపుని చిన్న బ్రేస్ అన్న మనిషి."

ద్రౌపది సంతకం పెట్టింది. ఇంటికి వచ్చి బసంతితో చెప్పింది, దుంగ మీదున్న ఆయనకు వినపడేలా. "సంతకం పెట్టాను అని చెప్పు. మాఫ్ చేసినట్టు కాదు అని కూడా చెప్పు. ఇది పాసవ్వకపోతే నేనూ నువ్వూ రెండేళ్ళు గుడ్డ కింద ఉంటాం, అదీ చెప్పు."

గంగయ్య లేచి ఇంటికి వెళ్ళి నిచ్చెన తెచ్చాడు.

ఇరవై మూడు రోజులు పనిచేశాడు. ఊతలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాడు. ప్రతి వాసానికీ పట్టీ, ప్రతి వాసం మీది అడ్డకర్రకీ పట్టీ. దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి నేలలోకి పోసిన సిమెంటు దాకా పట్టీ. పుస్తకంలో ఒకటి చూపినచోట ఆయన రెండు కొట్టాడు. పట్టీలు చాలక గోడౌనుకి మూడుసార్లు వెళ్ళాడు. పైన కూర్చుని మేకు కొట్టేటప్పుడు ఇదివరకులా ఈల వేసేవాడు కాదు. ఒక్కొక్క మేకు కొట్టాక, పట్టీ కింద వేలు పెట్టి పైకి గుంజి చూసేవాడు. కిందికి నొక్కి చూసే మనిషి పైకి గుంజడం నేర్చుకోవడానికి ఇరవై మూడు రోజులు పట్టింది.

పని అయ్యాక పరీక్ష సంగతి వచ్చింది. బసంతి చీర ఎగ్గట్టి నిచ్చెన దగ్గరికి వచ్చింది.

"కప్పెక్కనా అన్నా?"

"ఈసారి ఎక్కేది కాదు," అన్నాడు గంగయ్య.

ఇంటి పక్కన మామిడిచెట్టు ఉంది, దాని పెద్ద కొమ్మ ఒకటి కప్పు మీదికి వాలి ఉంది. గంగయ్య చెరుకు లారీవాళ్ళ మోకు తెచ్చి, ఒక కొస వెన్నుదూలానికి కట్టి, రెండో కొస కొమ్మ మీదుగా ఇవతలికి వేసి, దానికి పీట కట్టాడు. బసంతిని ఆ పీట మీద కూర్చోమన్నాడు. ఆమె బరువు ఇటు కిందికి దిగితే, అటు కప్పు పైకి లేవాలి. లేవకపోతే పాస్.

"ఉయ్యాలంటే చిన్నప్పుడే కూర్చోలేదు నేను. కొమ్మ విరిగితే?" అంది బసంతి.

"విరగదు. చూశాను."

"నీ కొమ్మకి ఎన్ని బ్రేసులు పెట్టినావ్?"

ఊరంతా వచ్చింది. బసంతి పీట మీద కూర్చుని కాళ్ళు పైకి ఎత్తింది. కొమ్మ మూలిగింది. మోకు బిగిసింది. గంగయ్య ఇంటి లోపల కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. బసంతి కాసేపు ఊగింది. సరదా వేసి కొంచెం గట్టిగా ఊగింది. మామిడికాయలు నాలుగు రాలాయి. కప్పు కదల్లేదు.

రామ్ ప్రసాద్ మర్నాడు వచ్చి నిచ్చెన ఎక్కి ఒక్కొక్క పట్టీ చూశాడు. దిగి వచ్చి తెల్ల మేజోళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు.

"ఒరిగి కిందికి వచ్చేదాన్ని నిలబెట్టేది బ్రేస్," అన్నాడు గంగయ్య. "పైకి పోయేదాన్ని పోనియ్యనిది స్ట్రాప్. ఒకటి రెండోదాని పని చెయ్యదు."

రామ్ ప్రసాద్ కాగితం మీద రాసుకున్నాడు. గంగయ్య పేరు లిస్టులోకి ఎక్కింది. ద్రౌపది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆయన తన వైపు తిరుగుతాడేమోనని కొంచెంసేపు చూసింది. ఆయన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు.

తరువాత పన్నెండేళ్ళలో గంగయ్య పాతిక ఇళ్ళు కట్టి ఉంటాడు. బీబీలో కప్పు పోయిన మిగతా పది ఇళ్ళకీ కూడా, ఆ కొత్త కప్పులు తను వెయ్యకపోయినా, ఇంకొన్ని పట్టీలు వేస్తానని వెళ్ళి వేశాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ప్రతి ఏడూ అక్టోబరులో ద్రౌపది ఇంటికి వచ్చేవాడు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన పట్టీ విప్పి కొత్తది కొట్టి వెళ్ళేవాడు. ద్రౌపది ఆయనతో మాట్లాడేది కాదు. డెబ్బైతొమ్మిదిలో బసంతి సింగటోకాలో అక్కగారింటికి, కూరగాయల పనికి వెళ్ళిపోయింది. బస్సెక్కేటప్పుడు ఆమెకు వచ్చిన దిగులు ఒక్కటే.

"వదినా, ఇక మీరిద్దరూ ఎవరితో మాట్లాడుకుంటారు?"

ద్రౌపది మేకతో మాట్లాడింది. "మేకా, ఆయనకు చెప్పు, నిచ్చెన తులసికోటకి తగులుతోందని." గంగయ్య మేకతో, "జరుపుతానని చెప్పు," అనేవాడు. ఆ అలవాటు అట్లాగే సాగింది. మాఫీ అడిగించుకోవాలన్న పట్టుదల ద్రౌపదికి పోలేదు. కాని ఎందుకు అడిగించుకోవాలో మాత్రం ఏడాదికేడాదికి గుర్తు తెచ్చుకోవలసి వచ్చేది. లచ్మన్ ఇల్లు, లచ్మన్ కప్పు అనుకుని గుర్తు తెచ్చుకునేది.

ఎనభై అయిదు జనవరిలో రెండు రోజుల తేడాతో రెండు తూఫాన్లు వచ్చాయి. మొదటిది వెళ్ళిందో లేదో, ఇంకొకటి వస్తోందని రేడియో చెప్పింది. స్కూలు హాలు కిటికీలు మొదటిదాంట్లోనే పోయాయి. కాబట్టి ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఉండిపోయారు. నాగమ్మ లౌటోకాలో మనవరాలి పురిటికి వెళ్ళింది. ద్రౌపది ఒంటరిగా తలుపు గడియ వేసుకుని కూర్చుంటే ఎవరో తట్టారు. గంగయ్య. అరవై అయిదేళ్ళవాడు, తల నుంచి కాళ్ళ దాకా తడిసి, పనిముట్ల సంచితో. లోపలికి వచ్చి నడిగదిలో బల్ల మీద కూర్చున్నాడు. మేక ఇంట్లో లేదు.

పొద్దున పది గంటలకు గాలి బలిసింది. చెరుకు నేల మీద పడుకుంది. రేకులు మోగడం మొదలుపెట్టాయి. తరువాత మోత ఆగి ఒక మూలుగు లాంటిది వచ్చింది. కప్పంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చినట్టు. వెన్నుదూలం దగ్గర ఒక మేకు రంధ్రంలోంచి నీళ్ళు కారి ద్రౌపది పక్కన చాప మీద పడుతున్నాయి. ఆమె చుట్టూ చూసింది. మాట అందించడానికి ఎవరూ లేరు.

"గంగయ్యన్నా, ఆ బకెట్ ఇటు జరుపు."

గంగయ్య బకెట్ జరిపాడు. ఇద్దరూ దానిలో నీళ్ళు పడటం చూస్తూ కూర్చున్నారు. కప్పు మళ్ళీ పైకి గుంజుకుంది. పట్టీలు టంగున మోగాయి. పైన వాసానికీ దూలానికీ మధ్య సన్నటి వెలుతురు గీత తెరుచుకుని మూసుకుంది. గంగయ్య పైకి చూస్తున్నాడు. కళ్ళు మూసుకోలేదు.

"ఆ రోజు నేను చూడలేదు," అన్నాడు.

"ఏ రోజు?"

"బీబీ రోజు. ఇంట్లో ఊత పట్టుకుని కూచున్నాను గదా. ఊత కదల్లేదు. రెండు చేతులా పట్టుకున్నాను. నెత్తి మీద నీళ్ళు పడుతున్నాయి. కారుతోంది అనుకున్నాను." కప్పు మోతకి ఆగి, మళ్ళీ అన్నాడు. "చాలాసేపు పడినాయి. ఇంత కారుతుందా అనుకున్నా. గాలి మొహానికి కొడుతుంటే కిటికీ పోయింది అనుకున్నా. పైకి చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది గదా."

ద్రౌపది బకెట్‌ని చుక్క పడే చోటికి ఇంకొంచెం జరిపింది.

"తెల్లారేదాకా పట్టుకునే ఉన్నాను," అన్నాడు గంగయ్య. "కప్పు లేని ఇంట్లో ఊత పట్టుకుని. చేతులు రాలేదు. నాగమ్మ వచ్చి వేళ్ళు విప్పింది. ఆమె ఎవరితోనూ చెప్పలేదు. ఈ ఒక్క మాట మాత్రం చెప్పలేదు."

పన్నెండేళ్ళుగా ద్రౌపది అడిగిన మాట ఇది కాదు. ఆ మాఫీ మాటకి దీనికంటే తక్కువ ఊపిరి చాలేది. ఆమెకి అడగాలనిపించలేదు. వద్దనాలని కూడా అనిపించలేదు. చేతిలో ఏదో పెట్టినట్టుంది గాని, అది తను తెమ్మన్నదేనా కాదా అని తెలియడం లేదు.

"అయితే ఆ రాత్రే తెలిసింది నీకు," అంది చివరికి.

"తెలిసింది."

"పొద్దున నా దగ్గరికి వచ్చి బ్రేసులు కదల్లేదన్నావు."

"అన్నాను," అన్నాడు గంగయ్య.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గాలి తగ్గుముఖం పట్టింది. ఉండుండి ఒక విసురు వచ్చి రేకుల్ని తట్టి పోయేది. కప్పు ఉంది. మేకు రంధ్రం తప్ప ఎక్కడా చుక్క పడలేదు. గంగయ్య బల్ల ఎక్కి నాలుగు పట్టీల కింద వేలు పెట్టి పైకి గుంజి చూసి దిగాడు. ద్రౌపది ఆయన్నే చూస్తూ ఒక మాట సిద్ధం చేసుకుంది. పెద్ద మాటేం కాదు. లచ్మన్ ఉంటే ఏమనేవాడో అని మొదలుపెట్టి, ఇక వదిలెయ్ అన్నా అని ముగించాలనుకుంది. అదే అంటుందా, ఇంకొకటి అంటుందా తనకే తెలియదు. ఈలోపు వెనక గదిలో ఏదో కూలిన చప్పుడైంది. చూడ్డానికి వెళ్ళింది. ఏం లేదు, గోడకి వేలాడదీసిన చేట కింద పడింది. చేట తీసి మేకుకి తగిలించి, మాట నోట్లోనే పెట్టుకుని నడిగదిలోకి వచ్చింది.

బల్ల మీద తడి మరక ఉంది. పనిముట్ల సంచి లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

ద్రౌపది తలుపు తీసి చూసింది. చెరుకు మధ్య దారిలో, మోకాలి లోతు బురదలో, గంగయ్య తన ఇంటి వైపు కాకుండా అవతలి ఇంటి వైపు నడుస్తున్నాడు. ఇంకా వాన పడుతోంది. ఆ ఇంటి ముందు ఆగి తలెత్తి కప్పు చూశాడు. దాన్ని దాటి దాని తరువాతి ఇంటి వైపు వెళ్ళాడు. వెళ్ళొస్తానని చెప్పలేదు.